సీమ దాటిన బామ్మర్ది

సిద్దిపేట చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయదలచుకుంటే, ఏ జాగీరు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో ముందుగా తేల్చుకోవచ్చు; తప్పులేదు. కానీ ఫసలీ వెయ్యిన్ని మూడువందల యాభై, అంటే ఇంగ్లీషు లెక్కలో పంతొమ్మిదివందల నలభై ప్రాంతాల పట్టణ జీవితం అర్థం కావాలంటే మాత్రం నూలు దుకాణం లింగమూర్తి సైకిల్ గంట దగ్గర మొదలుపెట్టక తప్పదు.

లింగమూర్తి రోజూ పొద్దున దుకాణానికి వస్తూ బజారు మలుపులో మూడుసార్లు గంట కొట్టేవాడు. అడ్డం ఎవరూ ఉండేవారు కారు. ఒకవేళ ఉన్నా, ఆయన తొక్కే వేగానికి ఆ మనిషి బీడీ ముట్టించుకుని, నాలుగు దమ్ములు పీల్చి, తీరిగ్గా పక్కకు జరగొచ్చు. అయినా గంట మోగేది. ఎందుకు మోగేదన్న దానిపై బజారులో రెండు వాదాలుండేవి. మలుపు కనుక జాగ్రత్త కోసం కొడతాడని ఒకటి. తాను వస్తున్నట్టు తనకే తెలియడానికి కొడతాడని రెండోది. సాక్ష్యాలన్నీ రెండో వాదం వైపే మొగ్గుతున్నాయి.

ఎందుకంటే ఆ బజారుకు మొదటి సైకిల్ తెచ్చినవాడు ఆయనే. హైదరాబాదులో కొని, బస్సు నెత్తిన కట్టించుకుని, దించేటప్పుడు తానే కింద నిలబడి చంటిపిల్లను అందుకున్నట్టు అందుకున్నాడు. ఆ ఏటి దసరాకే బజారు పెద్దలు ఆయనకొక స్థానం ఇచ్చారు. దసరా సాయంత్రం ఊరంతా పొలిమేర దాటి జమ్మిచెట్టు దగ్గరికి పోయి, ఆకులు తెంపి, 'బంగారం' అని ఒకరికొకరు ఇచ్చుకుని రావడం ఆచారం. దాన్ని సీమోల్లంఘనం అంటారు. డప్పుల కంటే ముందు, పెద్దల కంటే ముందు, బంతిపూల దండ వేసిన సైకిల్‌తో లింగమూర్తి ఉండాలని తీర్మానమైంది. తరువాత బజారులోకి ఇంకా సైకిళ్ళు వచ్చాయి. కొన్నిటికి లైట్లు కూడా ఉన్నాయి. కానీ ముందు జాగా లింగమూర్తిదే. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆయన ఆ ఒక్క సాయంత్రానికి ముందురోజులుగానో తరువాతి రోజులుగానో గడిపేవాడు.

ఇట్లా ఉండగా ఆయన భార్య కాంతమ్మకు ఒక తమ్ముడున్నాడు. పేరు సోమశేఖర్. తండ్రి కిరాణా దుకాణంలో బెల్లం తూచవలసిన పిల్లవాడు. వాడికి సైకిల్ నేర్పింది లింగమూర్తే. వెనక సీటు పట్టుకుని, పంచె ఎగ్గట్టి, బజారు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి మరీ నేర్పాడు. తరువాత జరిగినదంతా చూస్తే, విద్యాదానం చేసేముందు మనిషి కాస్త ఆలోచించాలనిపిస్తుంది.

హోళీ పోయిన వారానికి సోమశేఖర్ తన పాత సైకిల్‌కు ఒక దుప్పటి చుట్టి కట్టుకుని నూలు దుకాణం ముందు నిలబడ్డాడు.

"లంకకు పోతున్న బావా."

లింగమూర్తి పడుగు నూలు లెక్కపెడుతూ తల ఎత్తలేదు. "పోయి రా. వచ్చేటప్పుడు ఓ కొత్తిమీర కట్ట పట్కరా. మీ అక్క పచ్చడి నూరుతది."

బజారంతా నవ్వింది. సోమశేఖర్ కూడా నవ్వాడు. నవ్వి, పోయాడు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం జనగామ బస్సు దిగి వచ్చాడు. నల్లబడి, గడ్డం పెరిగి, తుమ్మమొద్దులా ఎండిపోయి ఉన్నాడు. సైకిల్ లేదు. దాన్ని లంక కొండల్లో ఒక ముసలాయనకు ఇచ్చేసి రైల్లో వచ్చానని దిగిన క్షణమే చెప్పాడు, దాచలేదు. నేరుగా నూలు దుకాణానికి వచ్చి, గుడ్డలో చుట్టిన దాల్చినచెక్క కట్ట బావ ముందు పెట్టాడు.

"కొత్తిమీర దొరకలే బావా. గిది తెచ్చిన."

పుల్లవిరుపు మాటకు ఇంత నిజాయితీగా జవాబిచ్చిన మనిషిని క్షమించడం చాలా కష్టం.

ఆ సాయంత్రం నుంచి కిరాణా దుకాణం అరుగు మీద జనం చేరడం మొదలైంది. సోమశేఖర్ గొప్పలు చెప్పేవాడైతే లింగమూర్తికి ఏ బాధా ఉండేది కాదు. గొప్పలను ఎట్లా తుంచాలో ఆయనకు బాగా తెలుసు. వాడు అవమానాలే చెప్పాడు. అరవదేశంలో నీళ్ళకు సైగ చేస్తే దవాఖానకు తోవ చూపించారట. సముద్రం గాలికి ఎదురు తొక్కుతుంటే సైకిల్ ఉన్నచోటనే ఉందట. కట్టెలమోపు ఎత్తుకున్న ముసలమ్మ పక్కనుంచి దాటిపోతూ జాలిగా చూసిందట. గుడి ముందు అలిసి కూలబడి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంటే ఎవరో దాంట్లో పిడికెడు అన్నం వేశారట.

"ఏం చేసినవ్ మరి?" అని అడిగాడు గానుగ నాగేశం.

"తిన్న. ఇంకో పిడికెడు పడ్తదేమో అని టోపీ గట్లనే వెట్టుకున్న."

పడవ ఎక్కేముందు రోగాలున్నాయేమోనని అందరినీ వరసలో నిలబెట్టి నాలుకలు చాపించారట. నెత్తిన పొడి చల్లారట. లంకలో దిగాక కొండ ఎక్కడానికి పగలంతా సైకిల్‌ను తోశాడట. దిగేటప్పుడు బ్రేకులు తెగి తేయాకు పొదలో పడ్డాడట. కూర్చునే చోట సెగగడ్డ లేచిందట. ఒక ఊళ్ళో దొంగ అనుకున్నారు, ఇంకో ఊళ్ళో కుక్క కరిచింది.

వాడు చెప్పిన ప్రతి అవమానమూ అరుగు మీద పడేలోపే ఘనకార్యమైపోయేది. "నాలుక గూడ చూయించిండట," అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు, ఆ నాలుకను ఎవరో బిరుదుకు ఎంపిక చేసినట్టు.

లింగమూర్తి అసూయకు ఇక్కడ ఒక ప్రత్యేకత ఏర్పడింది. లోకంలో మనిషి మరొకరి మేడను చూసి, మాన్యాన్ని చూసి కుళ్ళుకుంటాడు. లింగమూర్తి సెగగడ్డను చూసి కుళ్ళుకున్నాడు. గుడి ముందు పడ్డ అన్నాన్ని తలచుకుని ఆయనకు తిన్నది ఒంటబట్టలేదు. ఇంట్లో మరీ కష్టమైంది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ కాంతమ్మ తమ్ముడి పిక్క చూపించేది.

"కుక్క పండ్లు ఎట్ల దిగినయో చూసిండ్రా? నాలుగు దిగినయి," అనేది మొగుడితో కూడా.

"మన బజార్ల కుక్కలు లేవా?" అన్నాడాయన.

"ఉన్నయి. మిమ్ముల ఎన్నడన్న కరిసినయా?"

ఆమె లోపలికి పోయాక లింగమూర్తి పంచె పైకి లాగి తన పిక్క చూసుకున్నాడు. నున్నగా ఉంది. ఏ దేశపు కుక్కకూ ఆసక్తి కలిగించని పిక్క.

ఇంతవరకు సహించాడు. కానీ దసరా దగ్గరపడుతుండగా బజారు పెద్ద రాజమల్లయ్య, నస్యం పీల్చి, వేళ్ళు దులుపుకుని, దుకాణం ముందు నిలబడి అన్నాడు: "లింగమూర్తీ, జమ్మికి పోవుడంటే సీమ దాటుడే గద. నిజంగ సీమ దాటినోడు ఊళ్ళె ఉండంగ ఇంకోడు ముందట ఉంటే బాగుంటదా? ఈసారి సోమశేఖర్ను ముందట పెడ్దాం అంటున్నరు."

"నేను గూడ దాటుత," అన్నాడు లింగమూర్తి.

ఆ మాట నోరు దాటాక గానీ ఆయన చెవులకు చేరలేదు. అప్పటికి బజారు విన్నది.

లంక కుదరదు, పండుగ ముందుంది. కానీ పరదేశానికి సముద్రమే ఉండాలన్న నియమం లేదు. జనగామ, సూర్యాపేట, కోదాడ దాటితే నిజాం ఇలాకా అయిపోయి ఇంగ్లీషు ఇలాకా మొదలవుతుంది. అక్కడ రూపాయి వేరు, జవాను టోపీ వేరు, సరుకులు సోదా చేసే నాకా ఉంది. నాకా ఉన్నచోటల్లా సీమ ఉన్నట్టే. దాని అవతల ఒక కాలు పెట్టి, చేతనైతే ఏదైనా కుక్కకు అవకాశమిచ్చి, పండుగకు తిరిగి రావచ్చునని లింగమూర్తి లెక్క.

కాంతమ్మ సైకిల్ నిండా సంసారం కట్టింది: బొంత, దిండు, చెంబు, గొడుగు, మురుకుల డబ్బా, పులిహోర మూట. హ్యాండిల్‌కు బొట్టు పెట్టింది. బజారంతా సాగనంపడానికి వచ్చింది. సోమశేఖర్ దగ్గరికి వచ్చి మెల్లగా, "బావా, దిండు వద్దు. బరువైతది," అన్నాడు. వద్దన్నాడు కనుకనే లింగమూర్తి దిండును ఇంకో ముడి వేసి బిగించాడు. మలుపులో గంట మూడుసార్లు మోగింది.

పొద్దెక్కేసరికి నల్లరేగడి వచ్చింది. అంతకుముందు రాత్రి వాన పడి ఉంది. ఆ మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య అప్పచ్చిలా కూరుకుని చక్రం తిరగనంది. పుల్లతో గీకడం, పది బారలు తొక్కడం, మళ్ళీ గీకడం. ఒకచోట బర్రెల మంద తోవకు అడ్డంగా నిలబడింది. మూడుసార్లు గంట కొట్టాడు. బర్రెలకు ఆ గంట చరిత్ర తెలియదు. ఒకటి మాత్రం తల తిప్పి, చూసి, పేడ వేసింది. తుమ్మముల్లు దిగి వెనక టైరు కూర్చుంది. గాలికి గొడుగు వెనక్కి తిరిగి తామరపువ్వైంది. సైకిల్ మీద తాను పోతున్న ప్రయాణం మధ్యాహ్నానికి తన మీద సైకిల్ పోతున్న ప్రయాణంగా మారింది.

నెత్తిన గడ్డిమోపుతో ఒక ఆడమనిషి వెనకనుంచి వచ్చి, పక్కగా నడిచింది.

"సైకిల్ ఖరాబైందా అన్నా?"

"లేదు."

"మరెందుకు తోస్తున్నవ్?"

జవాబు దొరికేలోపు ఆమె దాటిపోయింది. అప్పుడు లింగమూర్తికి అచ్చంగా సోమశేఖర్ చెప్పిన ముసలమ్మ గుర్తొచ్చింది. ఆ ముసలమ్మ తనను దాటిపోయి ఉంటే ఎంత బాగుండేదని ఎన్నో రోజులు ఏడ్చిన మనిషికి ఇప్పుడు ఆ కోరిక తీరింది. అయినా ఏదో లోటు. ఇంకొకడి నోట విన్నప్పుడు అంత కమ్మగా ఉన్న అవమానం, తన మీద పడేసరికి ఉప్పులేని పప్పులా ఉంది.

పొద్దుగూకే వేళకు జనగామ తోవలో చేర్యాలకు ఇంకా ఇవతలే ఉండగా, తోవ పక్కన ఒక గుడిసె కనిపించింది. మొగుడు తాటిచెట్టు మీద నుంచి పడి పోయాక ఒక్కతే ఉంటున్న దుర్గవ్వ గుడిసె అది. ఆమె మనిషిని చూసింది, సైకిల్‌ను చూసింది, దిండును చూసింది.

"కూసో బిడ్డా," అని జొన్నరవ్వ ఉడికించిన గట్క, చిన్న గురిగిలో పచ్చిపులుసు ముందు పెట్టింది. లింగమూర్తికి పరాయి ఇంట్లో నీళ్ళు కూడా ముట్టని నియమం ఉండేది. ఆ నియమం పొద్దున బర్రెల దగ్గరే ఆగిపోయినట్టుంది. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

"ఏడికి పోతున్నవ్?"

"ఇంగ్లీషు ఇలాకాకు."

"గాడ ఎవలున్నరు నీకు?"

"ఎవలు లేరు. సీమ దాటాలె."

"దాటి?"

"ఎనుకకు రావాలె."

దుర్గవ్వ కాసేపు దాన్ని మనసులో తిప్పి చూసింది. "గట్లైతే గీడికెల్లి ఎనుకకు పోయినా ఒక్కటే గద బిడ్డా."

లింగమూర్తి పచ్చిపులుసు జుర్రాడు.

"ఎండలు ముదరకముందు ఒక పిల్లగాడు గిట్లనే వచ్చిండు," అంది ఆమె. "గదే జాగల కూసున్నడు. లంకకు పోతడంట. గట్క తినుకుంట తినుకుంట ఒక్కటే ఏడుపు. ఇల్లు యాదికొస్తుందవ్వా, కాళ్ళు గుంజుతున్నయవ్వా అని."

లింగమూర్తి చేయి నోటి దగ్గర ఆగింది. రోజంతా పడ్డ కష్టం ఒక్కసారిగా ఒంటి మీద నుంచి దిగిపోయింది. లంక వీరుడు, బజారు మొనగాడు, ఇంటి నుంచి ఒక్క పగటి దూరంలో వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడ్చి?" అన్నాడు ఆశగా.

"తెల్లారి ముక్కు చీదుకొని పోయిండు. ఎనుకకు పో బిడ్డా అన్న. పోతే మా బావ నవ్వుతడవ్వా అన్నడు."

తెల్లవారి లింగమూర్తి లేచాడు గానీ ఒళ్ళు లేవలేదు. వాన పట్టుకుంది. ఆయన గుడిసె పంచలో పడుకుని జాగ్రత్తగా ఆలోచించాడు. వాడికి నవ్వే బావ ఉన్నాడు, పోయాడు. తనకు నవ్వేవాడెవరు? తానే బావ. నవ్వే బావ లేనివాడు ఏ బలంతో సీమ దాటాలి? వాదం గట్టిగా ఉంది. వాన తగ్గి, నడుము కాస్త సర్దుకునేవరకు ఆ వాదాన్నే పట్టుకుని గట్క తింటూ ఉన్నాడు. తరువాత సిద్దిపేట వైపు పోతున్న కట్టెల బండి మీద సైకిల్‌ను వేసి, తానూ ఎక్కాడు. ఊరి మొదట్లో దిగి, టైరుకు గాలి కొట్టించి, సైకిల్ ఎక్కాడు. మలుపులో గంట మూడుసార్లు మోగింది.

"పోయొచ్చినవా?" అన్నాడు రాజమల్లయ్య.

"వచ్చిన."

"తొవ్వ ఎట్లున్నది?"

"బురద."

అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఆయన అబద్ధం ఆడలేదు. అడగవలసినవాళ్ళను అడగనివ్వలేదు, అంతే. రాజమల్లయ్య నస్యం పీల్చి తీర్పు చెప్పాడు: "ఇద్దరు దాటిన్రు. పెద్దోడు లింగమూర్తే ముందట ఉంటడు."

గెలిచాడు. ఇక్కడ నోరు మూసుకుని ఉంటే లింగమూర్తి జీవితం మరొక విధంగా రాయవలసి వచ్చేది. కానీ ఆ సాయంత్రం దుకాణం కట్టేసి చూస్తే జనం మళ్ళీ కిరాణా అరుగు మీదే ఉన్నారు. ఇంగ్లీషు ఇలాకా గురించి ఆయన్ను అడిగిన మనిషి లేడు. మిరప బేరానికి రైలెక్కి దాన్ని చూసివచ్చినవాళ్ళు బజారులోనే నలుగురున్నారు. ఆయన వెళ్ళి అంచున నిలబడ్డాడు. తేయాకు పొదలో పడ్డ ఘట్టం నడుస్తోంది. అది ఆయన వినడం అయిదోసారి.

"ఏమన్న గాని, గుండె ధైర్యం గల్లోడు," అన్నాడు నాగేశం.

"ధైర్యమా?" అన్నాడు లింగమూర్తి. "చేర్యాల ఇవతల దుర్గవ్వ ఇంట్ల గట్క తినుకుంట వెక్కివెక్కి ఏడ్చినోనికి ధైర్యమా?"

సోమశేఖర్ బావ వైపు చూశాడు. ముఖంలో సిగ్గు లేదు. ఎట్టకేలకు ఒక మనిషి దొరికాడన్న నెమ్మది ఉంది.

"ఏడ్చిన బావా. చాన ఏడ్చిన. మొదటి దినం సంది నేను గదే చెప్తున్న, గిది గొప్ప కాదని. వీళ్ళు వింటలేరు."

"ఏడ్చుకుంట గూడ పోయిండంటే మామూలోడు కాడు," అన్నాడు నాగేశం. అందరూ తలలూపారు.

రాజమల్లయ్య మాత్రం తల ఊపలేదు. నస్యం డబ్బీ మూత పెట్టాడు.

"లింగమూర్తీ, దుర్గవ్వ నీకెట్ల ఎరుక?"

"తొవ్వల ఆగిన."

"ఎంతసేపు?"

"వాన పడ్డది."

"వాన పడ్డది సరే. వెలిసినంక ఎటు పోయినవ్?"

బజారులో ఎవరూ ఈగను కూడా తోలలేదు.

"ఇటు," అన్నాడు లింగమూర్తి.

రాజమల్లయ్య మంచివాడు, నవ్వలేదు. దానికంటే ఘోరమైనది చేశాడు. "సోమశేఖర్‌కు సైకిల్ లేకపాయె. లింగమూర్తి సైకిలే ముందట పెడ్దాం. పట్టేటోడు సోమశేఖర్," అన్నాడు.

ఆ పూట కాంతమ్మ అన్నం వడ్డిస్తూ అంది, "నా తమ్ముని ఏడుపు ఊరందరికి చెప్పిండ్రు. మీరు ఏడ్వలేదా మరి గాడ?"

లింగమూర్తి దిండు తీసుకుని పంచలోకి పోయాడు.

దసరా పొద్దున ఆయన సైకిల్‌ను తుడిచాడు. ఇంకొకడి చేతికి పోయేదాన్ని అంత నున్నగా తుడిచిన మనిషిని సిద్దిపేట చూడలేదు. చువ్వ చువ్వకూ నూనె రాశాడు. గంటను చింతపండుతో తోమాడు. బంతిపూల దండ కడుతుండగా సోమశేఖర్ వచ్చి గడప మీద, ఒక పక్కకు ఒరిగి, జాగ్రత్తగా కూర్చున్నాడు.

"బావా, నేను పట్ట. రాజమల్లయ్యకు చెప్పొచ్చిన. ఆ హ్యాండిల్ చూస్తెనే అరచేతులు మండుతున్నయి. ముందట నువ్వే ఉండు."

లింగమూర్తి దండ ముడి వేయడం ఆపలేదు. పోగొట్టుకున్న జాగా దొరికింది. కానీ పోగొట్టినవాడే దానంగా ఇచ్చాడు. జాగా ఉన్నప్పటి కుళ్ళు ఒకటి, లేనప్పటి కుళ్ళు ఒకటి. ఇప్పుడు కొత్తగా మూడోది మొదలైంది.

కాసేపటికి సోమశేఖర్ అడిగాడు. "దుర్గవ్వ ఎట్లున్నది బావా?"

"మంచిగున్నది."

"గట్క పెట్టిందా?"

"పెట్టింది."

"నంజుకోనికి?"

"పచ్చిపులుసు."

సోమశేఖర్ తల ఎత్తాడు. "పచ్చిపులుసా? నాకు ఉప్పు, ఎండుమిరపకాయే పెట్టింది."

"ఉల్లిగడ్డలు గూడ ఏసింది," అన్నాడు లింగమూర్తి.

బామ్మర్ది ముఖంలో ఏదో చిన్న నీడ దాటిపోయింది. లింగమూర్తి దాన్ని గుర్తుపట్టాడు. ఆ నీడతో ఆయనకు నెల రోజుల పరిచయం. భాద్రపదం తరువాత మొదటిసారి ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని, దండ ముడి బిగించాడు.

సాయంత్రం డప్పులు మొదలయ్యాయి. వెనక రాజమల్లయ్య, పెద్దలు, నాగేశం, కొంచెం కుంటుతూ సోమశేఖర్. అందరికంటే ముందు, దండ వేసిన సైకిల్‌తో, తెల్లటి రుమాలు చుట్టుకుని లింగమూర్తి. మలుపులో గంట మూడుసార్లు మోగింది.

జమ్మిచెట్టు బజారుకు అరమైలు. వెనక ముసలివాళ్ళు నడిచి వస్తారు కనుక ఊరేగింపులో సైకిల్‌ను ఎవరూ ఎక్కరు. హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ పోతారు. ఎందుకు తోస్తున్నవని అక్కడ ఎవరూ అడగరు.